వృద్ధశరణాలయములు – వాని మంచిచెడ్డలు

మార్కాపురమునుండి కంభము మీదుగా గిద్దలూరు వఱకు పోవు త్రోవలో ఏ పల్లెయందు ఆగి చూచినను నేడొక మార్పు కంటికి తోచును. కొన్ని యిండ్లకు తాళములు వ్రేలాడుచుండును. తాళము లేని యిండ్లలో పెక్కింట అరుగుమీద ఒక ముసలమ్మయో ముసలయ్యయో ఒంటరిగా కూర్చుండియుందురు. వానలను నమ్ముకొన్న మెట్టసేద్యము, నీరు లోతునకు దిగిపోయిన బోరుబావులు, పలకల కార్ఖానాలలో తఱిగిన పని, వీనివలన వయసువారు హైదరాబాదునకో బెంగుళూరునకో తరలిపోయిరి. చదువుకొన్నవారు సముద్రములు దాటిరి. వారు కఠినహృదయులు కారు. నెలనెల సొమ్ము పంపుదురు. వారమునకు రెండుమాఱులు ఫోనులో మాటలాడుదురు. కాని పెద్దవారు స్నానపుగదిలో కాలుజాఱి పడినప్పుడు లేవనెత్తుటకు ఫోను చాలదు గదా!

ఇందుచేత, మన తాతలనాడు నోట పలుకుటకే సిగ్గుపడిన ప్రశ్న నేడు మర్యాదగల కుటుంబములలో వినబడుచున్నది. పెద్దవారిని ఏ శరణాలయమున నుంచవలెను? అది మంచిదో కాదో ఎట్లు తెలియును? ఇచ్చట మాటను గూర్చి యొక సంగతి చెప్పవలసియున్నది. మనవైపు 'నర్సింగుహోము' అన్నచో కాన్పులును శస్త్రచికిత్సలును జరుగు ప్రయివేటు ఆసుపత్రి యని యర్థము. ఇంగ్లండు, అమెరికా దేశములలో ఆ మాటకు, తమంతట తాము లేవలేని వృద్ధులను రేయింబవళ్లు కనిపెట్టి చూచు శాల యని యర్థము. మన వృద్ధాశ్రమములలో కొన్ని అట్టివి. కొన్ని కేవలము అన్నము పెట్టి పడకచోటు చూపునవి. పేరు ఒక్కటే యగుటచే వెదకువారు మోసపోవుచున్నారు.

మే మీ విషయమును పాండిత్యప్రకర్షకై చేపట్టలేదు. గిద్దలూరు చెంత నొక పల్లెలో మా మేనత్తగారు కలరు. చిన్ననాడే భర్తను కోల్పోయి, సంతానము లేక, పుట్టినింటనే యుండి మమ్ము పెంచిన తల్లి. రెండేండ్ల క్రిందట ఆమెకు తుంటియెముక విఱిగెను. ఆపరేషను జరిగినను ఆమె తిరిగి తనంతట మంచము దిగలేకపోయెను. మా యింట మేమును మా భార్యయు నిద్దఱమును ఉపాధ్యాయులము. ఉదయము ఎనిమిది గంటలనుండి సాయంకాలము ఐదు గంటలవఱకు ఇంట నెవ్వరు నుండరు. ఆఱునెలలు పనిమనుషులను కుదుర్చుకొని చూచితిమి. వచ్చినవారు నిలువలేదు. తుదకు శరణాలయమును వెదకవలసివచ్చెను. అప్పుడు మాకు తెలిసివచ్చిన దేమనగా, గేదెను కొనునప్పుడు రెండుపూటల పాలు పిండించి చూచిగాని బయానా ఇయ్యని మనకు, పెంచినవారిని అప్పగింపవలసిన యింటిని పరీక్షించు తెఱగు తెలియదు. కావున పూర్వులు దీనిని గూర్చి యేమి తలచిరి, ఏమి చేసిరి, ఎక్కడ తప్పిరి యని చరిత్రను కొంత శోధించితిమి. ఆ శోధనఫలమే యీ వ్యాసము.

మొదటి సాక్ష్యము మనకు దూరమున లేదు. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. ఆ కర్నూలు జిల్లాలోనే పత్తికొండకును గుత్తికిని నడుమ ఎఱ్ఱగుడి బండలమీద అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. అవి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. తల్లిదండ్రుల మాట వినవలెననియు, పెద్దలయెడ వినయము చూపవలెననియు అందు బోధింపబడినది. ఇది యెల్లవా రెఱిగినదే. కాని యెనిమిదవ శాసనమున అశోకుడు చెప్పిన మాట అంతగా గమనింపబడలేదు. పూర్వరాజులు వేట మొదలగు వినోదములకై తిరుగుచుండగా తాను ధర్మయాత్రలు చేసితిననియు, ఆ యాత్రలలో శ్రమణులను బ్రాహ్మణులను దర్శించి దానము లిచ్చుటయు, వృద్ధులను దర్శించి వారికి ధనమేర్పఱచుటయు జరుగుననియు ఆయన వ్రాయించెను. ఐదవ శాసనమున ధర్మమహామాత్రులను అధికారులు దిక్కులేనివారి యొక్కయు వృద్ధుల యొక్కయు యోగక్షేమమును విచారింపవలెనని కలదు.

వృద్ధులకు ధనమిచ్చుటకు ముందు వారిని దర్శించుట చెప్పబడినదని పాఠకులు గమనింతురు గాక. ఖజానానుండి సొమ్ము పంపుట చక్రవర్తికి కష్టము కాదు. అయినను పోయి చూచుటను ఆయన వేఱొక ధర్మముగా లెక్కించెను. చూచుట, ఇచ్చుట అను నీ రెండింటిలో ఇచ్చుటను మాత్రము నిలుపుకొని చూచుటను విడిచినచోట నెల్ల శరణాలయములు చెడినవని మా యభిప్రాయము. దీనికి తార్కాణములు ముందు చూపెదము.

పోయి చూచువా డేమి చూడవలెను? ఆయుర్వేదము దీనికి తగిన సమాధాన మిచ్చుచున్నది. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు నాలుగు గుణములు కావలెను: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియం దనురాగము, శౌచము. ఆ స్థానముననే పదునైదవ అధ్యాయమున రోగి నుంచవలసిన గృహము వర్ణితమైనది. అది గట్టిదై యుండవలెను. ఈదురుగాలి కొట్టక, ఒకవైపు మాత్రము గాలి యాడవలెను. పొగ, ఎండ, దుమ్ము చొరరాదు. నీటివసతి, స్నానమునకు చోటు, మఱుగుదొడ్డి, వంటయిల్లు అమర్పబడవలెను. పరిచారకులు వండుట, స్నానము చేయించుట, ఒడలు పట్టుట, లేవనెత్తుట, కూర్చుండబెట్టుట యెఱిగినవారై, ఏ పని చెప్పినను ముఖము చిట్లింపనివారై యుండవలెను. పాటలు పాడువారును కథలు చెప్పువారును దగ్గఱ నుండవలెనని కూడ కలదు.

ఈ యేర్పాటు రాజునకో ధనవంతునకో చెప్పబడినదని మే మెఱుగుదుము. అయినను కొలబద్ద మంచిదైనప్పుడు అది యెవరికొఱకు చేయబడినదను విచారము వలదు. గృహమునకు కావలసిన గుణములు కొన్ని మాటలలో ముగిసినవి. మనుషులకు కావలసినవి విస్తరించి చెప్పబడినవి. అనురాగమును దక్షతతోపాటు పనివానికి కావలసిన యర్హతగా చరకుడు లెక్కించెను. అనురాగము మాత్ర మున్నవాడు ముసలివారిని ఎత్తబోయి పడవేయును. దక్షత మాత్ర మున్నవాడు బస్తా నెత్తినట్లు ఎత్తును. రెండును గలవానికై వెదకవలెను.

ధనవంతుల కున్న యిట్టి సౌకర్యమును సామాన్యులకు అందించిన ఉదాహరణము ఆంధ్రదేశముననే కలదు. కృష్ణాతీరమున మందడము చెంత మల్కాపురమున 1261వ సంవత్సరపు శాసనస్తంభ మొకటి యున్నది. తండ్రియైన గణపతిదేవుడు ఇత్తునన్న మందడమును వెలగపూడితో గూడ రుద్రమదేవి విశ్వేశ్వరశివాచార్యున కిచ్చెను. ఆయన అచ్చట ఆలయమును, మఠమును, విద్యాలయమును, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నడపించెను. సత్రమున బ్రాహ్మణులు మొదలుకొని చండాలురవఱకు వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని నియమము. వైద్యునకు, కరణమునకు, వంటవారికి, కావలివారికి జీవనాధారము శాసనముననే యేర్పఱుపబడినది. నేటి దాతలు తమ పేరు చెక్కించుటకు గదిని కట్టింతురు. ఆ గదిలో రాత్రి మేల్కొని యుండు ఆయాకు జీతమిత్తు మనువారు అరుదు. ఆ కాలపువారు పనివారి కూటిని కూడ ఱాతిమీద వ్రాయించిరి.

అయినను మల్కాపురపు శాలలలో వృద్ధులకని వేఱొక శాల లేదు. వృద్ధులు ఇంటివారి భారమని నాటివారి తలంపు. దోర్నాల మీదుగా శ్రీశైలమునకు నడచిపోయిన యాత్రికులలో ముదుసలు లెందఱో యుందురు, వారికి సత్రములుండెను. కాని సత్రము బాటసారిది. అది రెండుపూటల ముద్ద పెట్టునుగాని మంచము పట్టినవారి పక్క మార్చదు. సమష్టికుటుంబమున పెద్దలందఱును పూజింపబడిరనుటయు సత్యము కాదు. ఆస్తి గల తండ్రికి మంచము నడింట వేయబడెను. ఆస్తి లేని వితంతువుకు వంటయింటి మూల దక్కెను. మా మేనత్తగారి వంటివారు చాకిరి చేయుచున్నంతకాలమే ఆ యింటివారు. ఈ మాట కటువుగా నుండవచ్చును గాని మన పత్రికల చదువరులు దీనిని కాదనరని నమ్ముచున్నాము.

ఈ కటుసత్యమును ఎదుర్కొన్నవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన పంతులుగారు వితంతువులకు శరణాలయము నడపిరి. 1906లో హితకారిణీ సమాజము నేర్పఱచి తమ యాస్తిని దాని కప్పగించిరి. తా మున్నంతకాలమే గాక తరువాతను పని సాగవలెనన్నచో ఒక మనిషి మంచితనము చాలదనియు, పదిమందికి లెక్క చెప్పవలసిన సమాజము కావలెననియు ఆయన గ్రహించిరి. ఇంటి ఆడుబిడ్డను బయటి యింట నుంచుట మచ్చ యనువారికి సమాధానము కూడ ఆయన పనిలోనే కలదు. ఇంట నుంచి బాధించుటకంటె బయట నుంచి ఆదరించుట మేలు. కాని ఆ బయటియిల్లు నిజముగా ఆదరించునట్టిదై యుండవలెను.

నిజముగా ఆదరింపని యింటికి ప్రసిద్ధమైన నిదర్శనము ఇంగ్లండు చూపినది. 1834లో ఆ దేశమున దరిద్రసంరక్షణచట్టము మాఱినది. సాయము కోరువారు వర్క్‌హౌసను గృహమున చేరవలెను. అందలి బ్రతుకు బయటి బీదకూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెనన్నదే సూత్రము. సోమరులు చేరకుండుటకై యీ కట్టుబాటు. కాని చేరినవారిలో పెక్కుమంది సోమరులు గాక వృద్ధులు, రోగులు, అనాథలు. ముసలి దంపతులను విడదీసి ఆడవారిని ఒకవైపు, మగవారిని ఒకవైపు నుంచిరి. 1845లో ఆండోవరు అను నూరి వర్క్‌హౌసున, ఎరువుకై ఎముకలు పొడిచేయుపనిలో నున్నవారు ఆకలి కోర్వలేక ఆ ఎముకలకు అంటియున్న కుళ్లిన మాంసమును మజ్జను తినిరన్న సంగతి బయటపడెను. పార్లమెంటున ప్రశ్నలు పుట్టెను, పత్రికలు వ్రాసెను, విచారణ జరిగెను. 1847లో ఆ పాలకసంఘము రద్దయ్యెను. 60 ఏండ్లు దాటిన దంపతులను బలిమిని విడదీయరాదని నియమము వచ్చెను. ఆ గృహములకు ఇటుకలు, సున్నము, నిబంధనలు, చిట్టాలు అన్నియు పుష్కలముగా నుండెను. వెలుపలి కన్ను మాత్ర మందు ప్రవేశింపలేదు.

తరువాత ఇంగ్లండువారు వేఱుమార్గము త్రొక్కిరి. 1908 నాటి చట్టముచే 70 ఏండ్లు నిండిన బీదవారికి వారమునకు 5 షిల్లింగులవఱకు పింఛను ఏర్పడెను. 1948లో క్రొత్త చట్టము వచ్చి, వర్క్‌హౌసులు పోయి చిన్నచిన్న గృహములు రావలెననెను. నిజముగా వచ్చెనా యని చూచుటకు పీటరు టౌన్సెండను సామాజికశాస్త్రజ్ఞుడు బయలుదేఱి, ఇంగ్లండు, వేల్సులలో 173 సంస్థలను తిరిగి చూచెను. 1962లో 'ది లాస్ట్ రెఫ్యూజ్' అను గ్రంథమున తాను చూచినది ప్రకటించెను. పలుచోట్ల పేరు మాఱినది గాని కట్టడము పాత వర్క్‌హౌసుదే. అందున్నవారిలో చాలమంది రోగమువలన గాక ఇల్లును బంధువులును లేకపోవుటవలన చేరినవారు. వారికి చేయ పని లేదు, మాటలాడ స్నేహితులు లేరు, తలుపు మూసికొన తమదైన గది లేదు. ఆయన పుస్తకమునకు బలము కూడ చూచుటవలననే వచ్చినది.

అమెరికాలో కథ మఱియొక విధముగా నడచినది. 1965లో మెడికేరు, మెడికెయిడు అను పథకములు వచ్చుటతో సర్కారు సొమ్ము ధారాళముగా ప్రవహించి నర్సింగుహోములు పెక్కు వెలసెను. సొమ్ము ముందు వచ్చినది, తనిఖీ వెనుకబడినది. వృద్ధులను మంచములకు కట్టివేయుట, నిద్రమందులిచ్చి పడవేయుట సామాన్యమైపోయెను. 1987లో చట్టమును సంస్కరించి, వృద్ధులకు హక్కులు నిర్ణయించి, చెప్పకుండ వచ్చి తనిఖీచేయు పద్ధతిని బిగించిరి. ఒక తనిఖీకిని మఱియొక తనిఖీకిని నడుమ 15 నెలలు మించరాదనిరి. 2008లో హోటళ్లకువలె ఒక్కొక్క సంస్థకు ఒకటినుండి ఐదువఱకు నక్షత్రములు వేయసాగిరి. ప్రజలకు వెదకుట సులభమయ్యెను. కాని పనివారెందఱన్న లెక్కను మొదట ఆ సంస్థలే వ్రాసి పంపుకొనెడివి. ఆ లెక్కపై నక్షత్రములు పెరిగెడివి. 2016నుండి జీతముల పట్టీలను చూపవలెనన్న పిమ్మటనే ఆ లెక్క కొంత నమ్మదగినదయ్యెను.

1966లో అవేడిస్ డొనబీడియన్ అను వైద్యుడు చికిత్సాగుణమును కొలుచుటకు మూడు మెట్లు చెప్పెను: ఏమి యమర్చియున్నది, ఏమి చేయుచున్నారు, దానిచే రోగి కేమైనది. మనవారు వృద్ధాశ్రమమును చూడబోయి మొదటి మెట్టుననే నిలిచిపోవుదురు. పాలరాతి నేల, దేవుని మందిరము, తోట, టెలివిజను చూచి సంతసించి వచ్చెదరు. మాకును అట్లే జరిగినది. మేము చూచిన మొదటి శరణాలయమున వసారా అద్దమువలె నుండెను. మధ్యాహ్నము నాలుగు గంటలకు పోతిమి. పదునెనిమిదిమంది వృద్ధులును మంచములమీదనే యుండిరి. ఒక్కరును కూర్చుండియుండలేదు. ఆ సంగతి మాకు ఇంటికి వచ్చిన తరువాతగాని తట్టలేదు.

ఇక మన చట్టముల సంగతి. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో భార్యాబిడ్డల పోషణ మాత్రమే చెప్పబడినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము వృద్ధులైన తలిదండ్రులను పోషించు బాధ్యత కొడుకులకే గాక కూతుండ్రకును విధించెను. 1973 నాటి కోడు తలిదండ్రులను కూడ మనోవర్తికి అర్హులను చేసెను. 2007లో తలిదండ్రుల, వృద్ధుల పోషణసంక్షేమచట్టము వచ్చినది. దీని ప్రకారము రెవెన్యూ డివిజను అధికారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. మార్కాపురమువారి కది తమ యూరనే కలదు. సంతానము లేనివారు, తమ యాస్తిని అనుభవించుచున్న లేక పొందనున్న బంధువునుండి పోషణ కోరవచ్చును. చూచుకొందుమను షరతుపై ఆస్తిని వ్రాయించుకొని చూడనివారి దస్తావేజు రద్దుచేయబడవచ్చును. ప్రతిజిల్లాలోను కనీసము 150మంది నిరుపేద వృద్ధులకు సరిపడు శరణాలయ మొకటి చొప్పున ప్రభుత్వము స్థాపింపవచ్చునని 19వ సెక్షను చెప్పుచున్నది. 'వచ్చును' అనుటకును 'వలెను' అనుటకును గల దూరమును వ్యాకరణ మెఱిగిన పాఠకులకు చెప్పనక్కఱలేదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమములున్నవో లెక్క తెప్పింపుడని ప్రభుత్వమును ఆదేశింపవలసివచ్చెను.

శరణాలయములను కనిపెట్టియుండు విషయమున లోపమింకను పెద్దది. 1960లో అనాథాశ్రమాదుల పర్యవేక్షణకు వచ్చిన చట్టము స్త్రీలకును పిల్లలకును సంబంధించినది. వృద్ధశాలలకు రిజిస్ట్రేషనును ప్రమాణములను నిర్ణయించుటకై 2019లో 2007 చట్టమునకు సవరణబిల్లు లోక్‌సభయందు ప్రవేశపెట్టబడెను. అది చట్టము కాకయే 2024లో ఆ సభతో పాటు చెల్లిపోయెను. అనగా మన దేశమున సొమ్ము గలవాడు ఇల్లు కట్టి బోర్డు వ్రేలాడదీయుట సులభము. దానిని చూచు కన్ను ఇంకను సరిగా తెఱువబడలేదు. కావున ఆ కన్ను బంధువులదే కావలసియున్నది.

మన మార్కాపురము, గిద్దలూరు సీమలో ఆ కన్ను ఏమి చూడవలెనో మా యనుభవముమీద చెప్పెదము. మొదట నీరు. ఈ సీమ భూగర్భజలమున పలుచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్లతరబడి త్రాగినచో కీళ్లు బిగిసి, వెన్ను వంగును. ముసలితనమున మూత్రపిండముల బలము తగ్గుటచే అది ఒంటినుండి సరిగా వెడలదు. త్రాగునీరు ఎక్కడిది, ఎప్పుడు పరీక్షించిరి యని అడిగి, కాగితము చూపుమనవలెను. నీరు మంచిదైనను చాలినంత యిచ్చుచున్నారా యని కూడ చూడవలెను. రాత్రి లేపవలసివచ్చునని సాయంకాలమునుండి నీళ్లు తగ్గించు శాలలు కలవు. మన వేసవిలో అది ప్రాణముమీదికి తెచ్చును.

పిదప చేతుల లెక్క. పగలెందఱు పనివారని గాక, రాత్రి రెండు గంటలకు మేల్కొని యుండువా రెందఱని అడుగవలెను. కదలలేనివారిని సుమారు రెండుగంటలకొకమాఱు ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో పిఱుదులమీద, మడమలమీద పుండ్లు పడును. పనివారు ఎన్నాళ్లనుండి యున్నారు, జీతము నెలనెల ముట్టుచున్నదా యని వారినే మెల్లగా అడుగవలెను. మూడునెలల కొకమాఱు మనుషులు మాఱు ఇంట అనురాగమునకు తావులేదు. రాత్రి కేకలు వేయువారిని ఏమి చేయుదురని కూడ అడుగవలెను. నిర్వాహకుడు "మా దగ్గఱ ఎవరును కేకలు వేయరు" అన్నచో ఏ మందు ఇచ్చుచున్నారో తెలిసికొనవలెను.

చూచుటకు చెప్పకుండ పోవలెను. అన్నము వేళకు పోవలెను. మెతుకు వేడిగా నున్నదా, పండ్లులేనివారికి మెత్తగా పిసికి పెట్టుచున్నారా, చేయి వణకువారికి తినిపించు తాళిమి యున్నదా, ఈ మూడును ఒక్క పూటలో తెలియును. కండ్లద్దములు ముఖముమీద నున్నవా, పెట్టెలో నున్నవా? కట్టుకొన్న చీర తనదా, అందఱిదా? పిలిచినప్పుడు ఎంతసేపటికి వచ్చిరి? వారిలో వారు మాటలాడుకొనుచున్నారా? వాసన యెట్లున్నది? మందుల ఘాటు వాసన కూడ మేలు గుఱుతు కాదు; అది దేనినో కప్పుటకు వాడబడియుండవచ్చును.

తుదకు లెక్కలు. రాత్రివేళ ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎవరు తోడుపోవుదురు? డిపాజిట్టునకు రసీదు ఇత్తురా? నచ్చక వెడలినచో తిరిగి యిత్తురా? ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి వృద్ధాప్యపు పింఛను నెలకు 4 వేల రూపాయలు. అది వృద్ధుల చేతికి చేరుచున్నదా, మఱియొకరు తీసికొనుచున్నారా? పొలమునుగాని ఇంటినిగాని ఆ సంస్థకు వ్రాసియిమ్మను మాట వచ్చినచో చెప్పులు తొడిగికొని లేచిరావలెను. అచ్చటనుండి వెడలివచ్చినవారి బంధువు లొకరిద్దఱితో మాటలాడుట అన్నిటికంటె మేలు.

ఇవన్నియు అడిగి, మూడు శరణాలయములు చూచి, అందు సామాన్యమైన దానిని ఎంచుకొంటిమి. గోడలకు రంగు వెలిసియుండెను. కాని ఇద్దఱు ఆయాలు నాలుగేండ్లనుండి యున్నవారు; మా యింటికి పావుగంట దూరము. మా మేనత్తగారికి ఆ యింటిని గూర్చి యంతయు వర్ణించి చెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, "అన్నం, మంచం సంగతి సరే నాయనా. నువ్వెన్నాళ్లకొకసారి వస్తావు?" అని యడిగెను. వారమునకు మూడుమాఱులు వత్తుమంటిమి.

ఎనిమిదినెలలు ఆ మాట నిలుపుకొంటిమి. మార్చి, ఏప్రిలు నెలలలో పరీక్షలును పత్రములు దిద్దుపనియు వచ్చిపడెను. వరుసగా మూడువారములు పోలేదు. నాలుగవ వారమున పోయి దుప్పటి తొలగించి చూడగా ఎడమ మడమమీద రూపాయబిళ్లంత పుండు. ఆ యిద్దఱు ఆయాలలో ఒకతె వేఱొకచోట ఎక్కువ జీతమునకు వెడలిపోయెననియు, ఇంకొకరు దొరకలేదనియు నిర్వాహకురాలు దాచక చెప్పెను. మాకు కోపము వచ్చినది. దానివెంటనే సిగ్గు వచ్చినది. అంతకుముందు వారమునకు మూడుమాఱులు మేము పోయి దుప్పటి తొలగించుచుండుటచేతనే ఆ మడమ బాగుండెనని అప్పుడు తెలిసినది. మా మేనత్తగారు మమ్మొక్క మాట అనలేదు. "పరీక్షలైపోయినాయా?" అని మాత్రము అడిగెను. పుండు మానుటకు రెండునెలలు పట్టెను.

దీనినిబట్టి మేము నేర్చినది ఇది. శరణాలయము నెంచుకొనుట ఒకనాటి పని కాదు. మంచి యిల్లు చెడ్డదగుటకు ఒక ఆయా మానివేయుట చాలును. సామాన్యమైన యిల్లు మంచిదగుటకు తఱచు వచ్చు బంధువు చాలును. కావున దూరమున నున్న అద్దాల మేడకంటె, మనము సాయంకాలము నడచిపోగల ఇల్లు మేలు. సముద్రము దాటియున్నవారు తమకు బదులుగా చూచువారి నొక్కరిని ముందు కుదుర్చుకొని, ఆ తరువాత సొమ్ము పంపవలెను. అన్యాయము కనబడినచో 14567 అను ఉచిత టెలిఫోనునకు తెలుపవచ్చును. కాని ఫోను చేయుటకైనను ముందు ఎవరో ఒకరు చూచియుండవలెను.

కంభము చెఱువు కట్టను చూచినప్పుడెల్ల దానిని కట్టించెనని ప్రతీతిగల రాణి వరదరాజమ్మను మనవారు తలచుకొందురు. వానకాలమున ఆ కట్టమీద తిరిగి, ఎలుకబొరియ కనబడినచోట మన్ను పూడ్చినవారి పేర్లు ఎవరికిని తెలియవు. కట్ట నిలిచినది వారివలన కూడ. మార్కాపురము, కంభము, గిద్దలూరు పట్టణములలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, ఆసుపత్రులలో పనిచేసి విశ్రమించిన నర్సులు, మహిళాసంఘములవారు ఊరికి పదిమంది చేరినచో చాలును. నెలకొకమాఱు, చెప్పకుండ, అన్నము వేళకు, తమ యూరి శరణాలయమునకు పోయి కూర్చుండి, చూచినది ఒక పుస్తకమున వ్రాసి రెవెన్యూ డివిజను అధికారికి పంపవచ్చును. దానికి భవనము వలదు, చందాలు వలదు. అశోకుడు ఎఱ్ఱగుడి బండమీద వ్రాయించిన రెండుపనులలో మొదటిదానికి కావలసినది కాళ్లును కన్నులును మాత్రమే. రాబోవు వేసవి సెలవులలో మార్కాపురమున మేమును మా మిత్రులు నలుగురును దీనిని ఆరంభింపదలచినాము. కలిసి రాదలచినవారికి స్వాగతము.